ఏటీవీ సర్వీసు, రిపేరు: సొంతంగా చేసుకునేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఏటీవీకి, అంటే బురదలో, రాళ్ల మీద తిరిగే హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండికి, కిలోమీటర్లు చూసి సర్వీసు చేయిద్దామనుకుంటే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. రోడ్డు బండి గంటలో యాభై కిలోమీటర్లు పోయే చోట, ఇది బురదలోనో రాళ్ల మీదో లో గేరులో మూలుగుతూ ఎనిమిదో పదో పోతుంది. ఇంజిన్ మాత్రం రెండిట్లోనూ గంటసేపు తిరిగింది. అందుకే చాలా ఏటీవీల్లో కిలోమీటర్ల పక్కనే గంటల మీటరు కూడా పెడతారు. సర్వీసుకు చూడాల్సింది ఆ అంకె.

ఆ అంకె కూడా సగం సంగతే చెబుతుంది. ఈ బండిని తినేసేవి మూడు: దుమ్ము, నీళ్లు, వాడకుండా మూలన పెట్టడం. ఇంకో బండి వెనకాల దుమ్ములో నడిపిన ఒక్క పూట, శుభ్రమైన దారిలో నెల రోజుల వాడకానికి సమానం. కాబట్టి మాన్యువల్‌లో రాసిన గంటలను గరిష్ఠ గడువుగానే తీసుకోండి. నీళ్లలో దిగారా, దుమ్ములో తిరిగారా, ఆ సాయంత్రమే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి.

పని మొదలుపెట్టే ముందు

మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. బండితో ఇచ్చే చిన్న పుస్తకం కాదు, మెకానిక్కులు వాడే లావుది. ఆయిల్ ఎంత పట్టాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి, వాల్వ్ గ్యాప్ ఎంత అన్నవి మోడల్‌కో రకంగా ఉంటాయి. నేను ఇక్కడ ఇచ్చే అంకెలు మామూలుగా కనిపించేవి, మాన్యువల్ వేరే చెబితే దాని మాటే వినండి.

మెట్రిక్ సాకెట్ సెట్, టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో చెప్పేది), మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), గ్రీజు గన్, తక్కువ ప్రెషర్ కొలిచే టైరు గేజ్ ఉంటే ఇందులో చెప్పే పనులన్నీ దాదాపు అయిపోతాయి. టార్క్ రెంచ్ అనవసరమని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ కేసింగ్ అల్యూమినియం, డ్రెయిన్ బోల్టు ఉక్కు. "ఇంకొంచెం గట్టిగా" అని ఒక్క పట్టు ఎక్కువ పట్టినా మర పోతుంది. అప్పుడు పది నిమిషాల ఆయిల్ చేంజ్ రెండు రోజుల పని అవుతుంది.

బండిని చదునైన చోట పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, తాళం తీసేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. మూసిన గదిలో ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచకండి, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

బయలుదేరే ముందు ఐదు నిమిషాలు

అమెరికాలోని ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ దీనికి టి-క్లాక్ అనే వరస నేర్పిస్తుంది: టైర్లూ చక్రాలూ, కంట్రోళ్లూ కేబుళ్లూ, లైట్లూ కరెంటూ, ఆయిలూ పెట్రోలూ, చివరికి చైనూ చాసిసూ. వరస గుర్తుంటే ఏదీ మరచిపోం.

వీటిలో టైరు ప్రెషర్ దగ్గర కొంచెం ఆగాలి. కారు టైరులో 30 పీఎస్‌ఐ దాకా గాలి ఉంటే, ఏటీవీ టైరులో మామూలుగా 3 నుంచి 8 పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది. కారు గేజ్‌తో కొలిస్తే ముల్లు లేచీ లేవనట్టు ఉంటుంది, 4 ఉందో 7 ఉందో తెలీదు. ఇక్కడ ఒకటి రెండు పీఎస్‌ఐ తేడానే పెద్ద తేడా. ఎడమ టైరులో 4, కుడి టైరులో 6 ఉంటే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. అది చూసి అలైన్‌మెంట్ పోయిందని టై రాడ్లు (హ్యాండిల్ తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీలు) విప్పేవాళ్లున్నారు. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. ముందు, వెనక ఎంత ఉండాలో ఫెండర్ మీది స్టిక్కరులో రాసి ఉంటుంది.

తర్వాత చక్రం ఊగుతోందో లేదో చూడాలి. ముందు చక్రాన్ని నేలకు ఆనకుండా లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. తర్వాత 3, 9 దగ్గర పట్టుకుని ఊపండి. రెండు రకాలుగానూ ఊగితే వీల్ బేరింగ్‌ని అనుమానించాలి. పక్కలకు మాత్రమే ఊగితే టై రాడ్ ఎండ్, పైకీ కిందికీ మాత్రమే ఊగితే బాల్ జాయింట్ (సస్పెన్షన్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపేది). ఇంకొకరిని ఊపమని మీరు వంగి చూస్తే, లూజు ఏ జాయింటులో కదులుతోందో కంటికే కనిపిస్తుంది.

థ్రాటిల్‌ని, అంటే వేగం పెంచే మీటను, ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా నొక్కి వదలండి. టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడండి. బద్ధకంగా వెనక్కి వస్తుంటే ఆ రోజు బండి తీయకండి. కేబుల్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, లేదా లోపలి తీగ తెగడం మొదలై ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్: ఇక్కడే ఇంజిన్ బతుకుతుంది

ఒక్క పనికే ఓపిక ఉందంటే ఈ పని చేయండి. ఫిల్టర్ దాటిన దుమ్ము సిలిండర్‌లో గరుకు కాగితంలా పని చేస్తుంది. పిస్టన్ రింగులు అరుగుతాయి, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) పడిపోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది. ఇదంతా ఏ శబ్దమూ లేకుండా జరిగిపోతుంది.

చాలా ఏటీవీల్లో ఫోమ్ ఫిల్టర్ ఉంటుంది. కొన్నిటిలో కాగితం రకం ఉంటుంది, దాన్ని కడగకూడదు, మార్చేయాలి. ఫోమ్ రకాన్ని ఇలా శుభ్రం చేయాలి:

1. ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీసే ముందే చుట్టుపక్కల దుమ్ము తుడవండి. లేకపోతే ఆ దుమ్ము నేరుగా లోపలికి రాలుతుంది.
2. ఫిల్టర్ తీశాక ఇంజిన్ వైపు గొట్టంలో తెల్లటి గుడ్డ పెట్టి తుడిచి చూడండి. గుడ్డ శుభ్రంగా వస్తే సరే. ఎర్రటి దుమ్ము అంటితే ఫిల్టర్ చిరిగిందన్నా అంచు దగ్గర సరిగ్గా కూర్చోలేదన్నా అర్థం. గుడ్డతోనే ఆ గొట్టం మూసి ఉంచండి, బిగించే ముందు తీయడం మరవకండి.
3. ఫిల్టర్ క్లీనర్‌లోగానీ, పాత ఆయిల్ వదిలేదాకా కిరోసిన్‌లోగానీ ముంచి పిసకండి. తర్వాత సబ్బు నీళ్లతో కడగండి. పెట్రోల్ వద్దు, అది ఫోమ్ అతుకుల జిగురును కరిగిస్తుంది, నిప్పు భయం ఎటూ ఉంది.
4. బట్టలు పిండినట్టు మెలిపెట్టకండి, చిరుగుతుంది. రెండు అరచేతుల మధ్య అదిమి నీళ్లు తీయండి.
5. నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉన్నచోట ఆయిల్ పట్టదు, ఆయిల్ లేనిచోట దుమ్ము ఆగదు.
6. ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పోసి అంతటా రంగు ఒకేలా వచ్చేదాకా మెల్లగా పిసకండి. ఎక్కువైంది అదిమి తీసేయండి. కారుతుండకూడదు, పొడిగా ఏ మచ్చా ఉండకూడదు.
7. అంచుకు సన్నగా గ్రీజు రాసి కూర్చోబెట్టండి.

మామూలు ఇంజిన్ ఆయిల్ రాస్తే సరిపోదా అని అడుగుతారు. ఏమీ లేనిదానికన్నా నయం, అంతే. అది పలచన కాబట్టి ఒకటి రెండు రోజుల్లో కిందికి జారి, ఫిల్టర్ పై భాగం పొడిగా మిగులుతుంది.

ఎయిర్‌బాక్స్ అడుగున చిన్న రబ్బరు గొట్టం, దానికి మూత ఉంటాయి. అందులో నీళ్లు కనిపిస్తే బండి నీళ్లు పీల్చిందన్నమాట. ఇంజిన్ ఆయిల్ కూడా వెంటనే చూడండి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఎయిర్‌బాక్స్‌లో ఎలుకలు గూడు కట్టడం కూడా మామూలే.

ఇంజిన్ ఆయిల్

కొత్త బండికి మొదటి ఆయిల్ చేంజ్ తొందరగా, చాలా మోడళ్లలో 20 గంటల ప్రాంతంలో ఉంటుంది. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి అరిగి రాలిన లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది కాబట్టి ఈ ఒక్కటీ వాయిదా వేయకూడదు. తర్వాత మామూలు వాడకానికి 50 నుంచి 100 గంటలు, లేదా ఏడాదికోసారి, ఏది ముందొస్తే అది.

10డబ్ల్యూ-40 ఎక్కువ మోడళ్లకు సరిపోతుంది, కానీ గ్రేడ్ ఒక్కటే చూసి కొనకండి. చాలా ఏటీవీల్లో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అలాంటి బండికి డబ్బా మీద జాసో ఎంఏ (తడి క్లచ్‌కు సరిపోతుందనే గుర్తు) అని ఉండాలి. ఇంధనం ఆదా చేస్తాయని అమ్మే కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి పడితే క్లచ్ ప్లేట్లు జారతాయి. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

మార్చే పద్ధతి తెలిసిందే. ఇంజిన్‌ని ఐదు నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేయండి, ఆయిల్ పలచబడి చెత్తను వెంట తీసుకుని దిగుతుంది. డ్రెయిన్ బోల్టు తీసి పూర్తిగా కారనివ్వండి. ఫిల్టర్ మార్చండి, కొత్తదాని రబ్బరు రింగుకు కొంచెం ఆయిల్ రాయండి. పాత రింగు కేసింగుకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ మొత్తం బయటికి కక్కేస్తుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, చెప్పిన టార్కుకే బిగించండి. కొలిచి పోయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, లీకులు చూసి, మళ్లీ లెవెల్ చూడండి.

లెవెల్ చూడటంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. కొన్ని మోడళ్లలో డిప్‌స్టిక్‌ను (ఆయిల్ లెవెల్ చూసే పుల్లను) మర తిప్పి బిగించి తీయాలి, కొన్నిటిలో ఊరికే ఆనించి తీయాలి. ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉండే డ్రై సంప్ ఇంజిన్లలో కాసేపు నడిపాకే సరైన లెవెల్ కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్‌లో చూసి తక్కువుందని పోసేస్తే, ఎక్కువైన ఆయిల్ గాలి గొట్టంలోంచి ఎయిర్‌బాక్స్‌లోకి చేరుతుంది. ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయిందని కంగారు పడేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

తీసిన ఆయిల్‌ని పారబోసే ముందు చూడండి. నల్లగా ఉంటే మామూలే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే మెరుపు రజను బాగా కనిపించినా, అయస్కాంతానికి ముక్కలు అంటినా లోపల ఏదో అరుగుతోంది. వాడిన ఆయిల్ నేల మీద, మురుగు కాలువలో పోయకండి, డబ్బాలో పట్టి తీసుకునే చోట ఇవ్వండి.

గేర్ కేసులు, సీవీ బూట్లు, గ్రీజు

ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే బండికి ముందూ వెనకా డిఫరెన్షియల్ లేదా గేర్ కేసులు ఉంటాయి. వీటి ఆయిల్ చేంజ్ సులువు, ఒక్క జాగ్రత్త తప్ప: డ్రెయిన్ బోల్టు విప్పే ముందు, పైన పోసే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోండి. కిందది తీసి ఆయిలంతా కార్చాక, పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే కూర్చుంటుంది. ఎక్కువ కేసుల్లో, బండి చదునుగా ఉన్నప్పుడు ఆయిల్ బోల్టు రంధ్రం అంచుదాకా రావాలి. కొన్ని కంపెనీల ముందు కేసులకు ప్రత్యేకమైన ఆయిల్ కావాలి, అన్నిటికీ 80డబ్ల్యూ-90 పోసేయకండి. ఇక్కడ కూడా పాలరంగు కనిపిస్తే నీళ్లు చేరినట్టే: సీల్ పోయుండొచ్చు, లేదా గాలి ఆడే సన్నటి గొట్టం ఊడి ఉండొచ్చు.

యాక్సిల్ చివర్లలో మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూట్లను, అంటే సీవీ జాయింట్ల మీది తొడుగులను, ప్రతి రైడ్ తర్వాతా చూడండి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే బూటు చిరిగింది. అదే వారం మార్చుకుంటే కొత్త బూటు, కొత్త గ్రీజుతో పోతుంది. వదిలేస్తే బురద లోపలికి వెళ్లి జాయింటు అరిగి, మలుపు తిప్పినప్పుడు టకటకమని చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వచ్చాక బూటు మార్చి లాభం లేదు.

సస్పెన్షన్ ఆర్మ్‌లకు గ్రీజు నిపుల్స్ ఉంటే, పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. నీళ్లలో దిగిన ప్రతిసారీ ఈ పని చేయాలి.

బెల్టు ఉన్న బండి, చైను ఉన్న బండి

ఆటోమేటిక్ యుటిలిటీ మోడళ్లలో చాలావాటికి సీవీటీ బెల్టు (గేర్లు మార్చే పని లేకుండా రెండు పుల్లీల మధ్య తిరిగేది) ఉంటుంది. బెల్టు తెగడానికి వేడే పెద్ద కారణం, ఆ వేడికి నడిపే తీరు కారణం. బరువు లాగేటప్పుడూ, నిటారు ఎక్కుల్లోనూ, బురదలోనూ హై గేరులో మెల్లగా పాకిస్తే బెల్టు పుల్లీ మీద జారి కాలుతుంది. అలాంటిచోట లో గేరు వేయండి. కాలిన రబ్బరు వాసన వస్తే ఆపి చల్లారనివ్వండి.

కవరు తీసినప్పుడు బెల్టు పక్కలు చూడండి. అద్దంలా మెరుస్తుంటే, ఒక్కచోట మాత్రం సన్నబడి ఉంటే, పళ్ల మధ్య పగుళ్లుంటే మార్చేయండి. వెడల్పు కొలిచి మాన్యువల్‌లోని హద్దుతో పోల్చండి. కొత్త బెల్టును వేసే ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, పుల్లీ ముఖాలను గ్రీజు లేకుండా తుడవండి. బాణం గుర్తుంటే అది తిరిగే దిక్కుకే ఉండాలి. మొదటి కొన్ని గంటలు థ్రాటిల్ పూర్తిగా నొక్కకుండా నడపండి. పాత బెల్టు తెగి ఉంటే దాని నారపోగులు క్లచ్ వెనకా, గాలి గొట్టాల్లోనూ చుట్టుకుని ఉంటాయి. ఒక్కటీ మిగలకుండా తీయండి, లేకపోతే కొత్తదీ ఎక్కువ రోజులు ఉండదు.

వాగు దాటాక ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలకపోతే సీవీటీ కవరులో నీళ్లున్నాయి. అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లు వదిలి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ని కాసేపు మధ్యస్థంగా రేజ్ చేయండి. బెల్టు ఆరి పట్టు దొరుకుతుంది.

స్పోర్ట్ మోడళ్లకు చైను ఉంటుంది. కిరోసిన్‌తో మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరాక చైన్ లూబ్ రాయండి. చైను అన్నిచోట్లా సమానంగా సాగదు, కాబట్టి బండిని ముందుకు తోస్తూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట కొలవండి. చాలా మోడళ్లకు మధ్యలో 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. బిగుతుగా ఉంటే మంచిదనుకోవద్దు. సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు చైను మరింత బిగుసుకుని బేరింగుల్ని తినేస్తుంది.

బ్రేకులు, కూలెంట్

ప్యాడ్ మందం 1 మిల్లీమీటరుకు దగ్గరపడితే మార్చేయాల్సిందే. బురదలో వాడే బండికి అది మీరు ఊహించినదానికన్నా ముందే వస్తుంది. లివర్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైన్లో గాలి ఉంది, దాన్ని బయటికి వదలాలి (బ్లీడ్ చేయాలి). బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చండి. ఫ్లూయిడ్ గిన్నె మూత మీద డాట్ 4 అని ఉంటే సీలు తీయని డాట్ 4 డబ్బానే వాడండి. డాట్ 5 అంకెలో దగ్గరగా ఉన్నా అది సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

లిక్విడ్ కూలింగ్ బండికి కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోస్తారు. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. రేడియేటర్ రెక్కల మధ్య ఎండిన బురదను ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. అసలు ఏటీవీకి ప్రెషర్ వాషరే సగం శత్రువు: వీల్ బేరింగులు, సీవీ బూట్లు, కరెంటు కనెక్టర్లు, ఎయిర్‌బాక్స్ నోరు, వీటి వైపు దాన్ని తిప్పకండి.

బండి మొరాయించినప్పుడు

నా బండి ఒకసారి ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది, మళ్లీ ఇరవై నిమిషాలకు అదే తంతు. ప్లగ్ మార్చాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. కాయిల్ పోయిందన్నారు, అదీ మార్చాను. చివరికి ఆగిన చోటే విసుగొచ్చి పెట్రోల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే "సుయ్" మని గాలి లోపలికి పీల్చుకుంది. ట్యాంకుకు గాలి వెళ్లే సన్నటి గొట్టంలో కందిరీగ మట్టి పెట్టి మూసేసింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, కిందికి దిగడం ఆగిపోయేది. ఒక తీగ ముక్కతో పోయే జబ్బుకు అంత ఖర్చు పెట్టాను.

అప్పటినుంచీ నా పద్ధతి ఒకటే. ముందు పైసా ఖర్చు లేనివి చూడాలి, తర్వాత కొలిచి తేల్చగలిగేవి. పార్టు కొనడం ఆఖరున. "చివరిసారి బాగా నడిచినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే సగం పని అయిపోయినట్టే. కడిగారా, నీళ్లలో దిగారా, ఏదైనా విప్పి బిగించారా, కొత్త లైట్లు తగిలించారా?

సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేకపోతే, ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే మీట) చూడండి. నవ్వకండి, అందరం ఎప్పుడో ఒకప్పుడు మోసపోయినవాళ్లమే. చాలా మోడళ్లు న్యూట్రల్‌లోనో పార్కులోనో ఉంటేనే, లేదా బ్రేక్ నొక్కితేనే స్టార్ట్ అవుతాయి. తర్వాత ఫ్యూజు. అది పోతే అదే రేటింగుది వేయండి, మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరిసి షార్ట్ అవుతోంది. పెద్ద ఫ్యూజు వేస్తే వైరింగ్ కాలుతుంది.

తర్వాత మల్టీమీటర్ తీయండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే నిండుగా ఉంది. 12.4 దగ్గర ముప్పావు వంతు. 12 దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతుంటే, ఛార్జ్ పెట్టి మళ్లీ చూడండి. నిండా ఛార్జ్ ఉండి కూడా పడిపోతే బ్యాటరీకి కాలం చెల్లింది. ఇంజిన్ నడుస్తూ కొంచెం రేజ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే నిలబడితే బ్యాటరీ కొనకండి, ఛార్జింగ్ వైపు లోపముంది.

బ్యాటరీ బాగుండి, స్టార్టర్ రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్) టక్ మంటూ ఊరుకుంటే, ఎర్త్ వైరు రెండు చివరలూ విప్పి రుద్ది బిగించండి. బ్యాటరీ వైపు చివర అందరూ చూస్తారు, చాసిస్‌కో ఇంజిన్‌కో బిగించిన చివర బురద కింద తుప్పు పట్టి ఉంటుంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు అంటే పెట్రోల్, కరెంటు, గాలి, కంప్రెషన్‌లలో ఒకటి లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మూలుగుతుంది. అది వినిపించకపోతే పంపు ఫ్యూజు, రిలే, కనెక్టర్ చూడండి. కార్బురేటర్ బండిలో, కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి ఓ గ్లాసులోకి పెట్రోల్ పట్టండి. రాకపోతే ట్యాప్, ఫిల్టర్, గాలి గొట్టం. వచ్చిందాన్ని రెండు నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. నీళ్లుంటే అడుగున విడిగా బుడగల్లా తేరతాయి. పాత వార్నిష్ వాసన వేస్తే పెట్రోల్ చచ్చిపోయింది.

ప్లగ్ తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే లోపల మంట బాగుంది. పొడిగా మసిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. ఆయిల్ జిడ్డుంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. తడిగా పెట్రోల్ వాసన కొడితే ఫ్లడ్ అయింది, అంటే పెట్రోల్ మితిమీరి చేరింది. ఆరబెట్టి, చోక్ లేకుండా, కార్బురేటర్ బండికి థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టండి. నిప్పురవ్వ వస్తోందో లేదో చూసేటప్పుడు ప్లగ్ లోహం ఇంజిన్‌కు గట్టిగా ఆని ఉండాలి, చేత్తో పట్టుకోకండి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి.

ఇవన్నీ ఉన్నా స్టార్ట్ కాకపోతే, ముఖ్యంగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయి వేడెక్కాక మొండికేస్తుంటే, లేదా దీనికి సరిగ్గా తిరగబడితే, వాల్వ్ గ్యాప్ కొలవండి. గ్యాప్ మూసుకుపోతే వాల్వ్ పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకి వచ్చినప్పుడే ఫీలర్ గేజ్ పెట్టాలి. కంప్రెషన్ గేజ్‌తో చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: చాలా ఏటీవీల్లో సులువుగా స్టార్ట్ కావడానికి ఆటోమేటిక్ డీకంప్రెషర్ (సెల్ఫ్ కొట్టేటప్పుడు కంప్రెషన్ కొంచెం వదిలేది) ఉంటుంది, దానివల్ల అంకె తక్కువ చూపిస్తుంది. మాన్యువల్‌లోని అంకెతోనే పోల్చండి.

ఐడిల్‌లో నిలబడక, చోక్ సగం లాగితే బాగా నడిస్తే పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోల్ ఇచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉంటుంది, లేదా ఇన్‌టేక్ రబ్బరు దగ్గర గాలి దొంగతనంగా వెళ్తోంది. నడుస్తున్న ఇంజిన్‌లో ఆ రబ్బరు చుట్టూ నీళ్లు స్ప్రే చేయండి. ఐడిల్ మారితే పగులు అక్కడే ఉంది. జెట్ రంధ్రాన్ని ఇనుప తీగతో పొడవకండి, కొలత మారిపోతుంది. కార్బ్ క్లీనర్, గాలి చాలు.

పికప్ అంతా బాగుండి ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ గొంతు పట్టేసినట్టు ఉంటే, ఎయిర్ ఫిల్టర్ తర్వాత సైలెన్సర్ చివరి స్పార్క్ అరెస్టర్ జాలీ (నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపేది) చూడండి. మసితో మూసుకుపోయిన ఆ జాలీని పట్టించుకునేవాళ్లు తక్కువ. చల్లారాక తీసి తీగ బ్రష్‌తో తోమితే చాలు.

వేడెక్కుతుంటే రేడియేటర్ బురద, కూలెంట్ లెవెల్, ఫ్యాన్ ఈ వరసలో చూడండి. ఫ్యాన్‌కు నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే తిరిగిందంటే ఫ్యాన్ మంచిదే, సెన్సార్ లేదా రిలే పోయింది. కూలెంట్ ఎక్కడా కారకుండా తగ్గిపోతూ, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలం పొగ ఆయిల్‌ది, నల్ల పొగ ఎక్కువైన పెట్రోల్‌ది.

బండి నీళ్లలో మునిగితే

ఇక్కడ తొందరే ఇంజిన్‌ని చంపుతుంది. ఆగిపోయిన వెంటనే అందరి చెయ్యీ సెల్ఫ్ మీదికే పోతుంది. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కిల్ స్విచ్ ఆపి, తాళం తీసి, బండిని ఒడ్డుకు లాగండి, గేరులో పెట్టి తోయకండి.

ఎయిర్‌బాక్స్ తెరిచి నీళ్లు పారబోసి, ఫిల్టర్ తీయండి. ప్లగ్ తీశాక, కాయిల్ పాడవకుండా ప్లగ్‌ని దాని క్యాప్‌లోనే ఉంచి, ఇంజిన్ లోహానికి ఆనించి, రంధ్రానికి దూరంగా పెట్టండి. అప్పుడు సెల్ఫ్ చిన్నచిన్నగా కొట్టండి, రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా ఎగజిమ్ముతాయి, ముఖం పక్కకు పెట్టుకోండి. నీళ్లు రావడం ఆగేదాకా కొట్టాలి. పెట్రోల్ గిన్నె ఖాళీ చేయండి, ట్యాంకులో నీళ్లు చేరి ఉంటే అది కూడా.

తర్వాత డిప్‌స్టిక్ చూడండి. పాలరంగు ఉంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయకూడదు. చవక ఆయిల్, అయితే సరైన గ్రేడుదే, పోసి కొన్ని నిమిషాలు నడిపి తీసేయండి. మళ్లీ పోయండి. రంగు మామూలుగా వచ్చేదాకా రెండు మూడుసార్లు పట్టొచ్చు, ఆఖరుసారి ఫిల్టర్ కూడా కొత్తది. గేర్ కేసులు, సీవీటీ కవరు, బ్రేక్ క్యాలిపర్లు, కనెక్టర్లు అదే రోజు తెరిచి ఆరబెట్టండి. కనెక్టర్లకు డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు ప్రవహించని గ్రీజు) రాయండి. వారం తర్వాత చూద్దామనుకుంటే బేరింగుల్లో తుప్పు అప్పటికే మొదలైపోతుంది.

నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు

వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి, తిరిగి తీసేటప్పుడు కాక పక్కన పెట్టే ముందే ఆయిల్ మార్చండి. ట్యాంకు నిండా పెట్రోల్ నింపి స్టెబిలైజర్ కలిపి, అది అంతటా చేరేలా పది నిమిషాలు నడపండి. కార్బురేటర్ బండికి ట్యాప్ మూసి, గిన్నె ఖాళీ చేయండి. పైలట్ జెట్ మూసుకుపోయేది ఆ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోల్‌తోనే. బ్యాటరీ విప్పి నెలకోసారి ఛార్జ్ పెట్టండి, లేదా మెయింటెయినర్‌కు (బ్యాటరీని ఛార్జ్‌లో నిలిపి ఉంచే చిన్న ఛార్జరుకు) తగిలించండి. చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద ఎత్తండి. సైలెన్సర్ నోట్లో, ఎయిర్‌బాక్స్ నోట్లో గుడ్డ కుక్కి, గుడ్డలు పెట్టినట్టు ఓ చీటీ రాసి హ్యాండిల్‌కు కట్టండి. మూడు నెలల తర్వాత ఆ సంగతి మీకే గుర్తుండదు.